ముఖపు ఎముకలు ఎందుకు విరుగుచున్నవి?

ముఖమునకు దెబ్బ తగిలిన రోగి అత్యవసర విభాగమునకు వచ్చినపుడు డాక్టరు మొదట అడుగు ప్రశ్నలలో ఒకటి "దెబ్బ ఎట్లు తగిలినది?" అనునది. దెబ్బ తగిలిన తీరునుబట్టియే ఎముక విరుగు తీరు ఉండును. మోటారు సైకిలుపైనుండి పడినవాని ముఖము ఒక విధముగను, పిడికిలి దెబ్బ తిన్నవాని ముఖము మరియొక విధముగను, తాటిచెట్టుపైనుండి జారినవాని ముఖము ఇంకొక విధముగను విరుగును. కావున ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రే చిత్రము రోగి గాయముతో బాటు, అతడు వచ్చిన ఊరిలో ఏ దారి పాడైనదో, ఏ అలవాటు చెడినదో కూడ కొంత తెలుపును. విరిగిన ఎముకను అతికించుట డాక్టరుగారి పని. అట్టి ఎముక మరియొకరికి విరుగకుండ చూచుట చాలవరకు పంచాయతీ చేతిలోనున్న పని. ఈ సంగతిని పంచాయతీ సభ్యులకు వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

తెల్లాపూరు నేర్పు పాఠము

సంగారెడ్డి జిల్లాలోని తెల్లాపూరు 2018 వరకు గ్రామ పంచాయతీ. ఆ సంవత్సరమున కొల్లూరు మొదలగు పరిసర గ్రామములతో కలిసి పురపాలక సంఘమైనది. హైదరాబాదులో హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములు పెరిగినకొలది, ఒకప్పుడు జొన్న, వరి పండిన ఈ దిక్కు నేలపై అంతస్తుల భవనములు లేచినవి. 158 కిలోమీటర్ల పొడవుగల అవుటర్ రింగు రోడ్డు కొల్లూరు మీదుగా పోవుచున్నది.

ఒక ఊరు ఇట్లు మారినపుడు అచటి గాయములును మారును. సేద్యపు ఊరిలో ముఖమునకు దెబ్బ తగులుటకు ఎద్దు కొమ్ము, గేదె తన్ను, చెట్టుపైనుండి జారుట, బండిపైనుండి పడుట ముఖ్య కారణములు. అదే ఊరిలో భవనములు లేచునపుడు కంకర, ఇసుక మోయు టిప్పరు లారీలు వచ్చును. వాటినుండి రాలిన ఇసుక రోడ్డుపై పరచుకొనును. కూలీలు ఎత్తైన పరంజాలపై పనిచేయుదురు. పొలమునకు నడిచిపోయిన యువకుడు మోటారు సైకిలుపై నగరమునకు ఉద్యోగమునకు పోవును. పాత కారణములు పూర్తిగా పోకమునుపే కొత్తవి వచ్చి చేరును. రింగు రోడ్డుకు వెలుపలనున్న గ్రామములందును, జాతీయ రహదారుల ప్రక్కనున్న గ్రామములందును ఈ మార్పు నేడు సాగుచున్నది. తెల్లాపూరు నిన్న చూచినదానిని ఆ గ్రామములు నేడో రేపో చూడవలసియుండును. ముందుగా తెలిసికొన్నవారు ముందుగా జాగ్రత్తపడగలరు.

ముఖము యొక్క నిర్మాణము

మన ముఖమున 14 ఎముకలు కలవు. వానిలో క్రింది దవడ ఒక్కటియే కదలునది. తక్కినవి ఒకదానితో నొకటి అతుకుకొనియుండును. నుదుటి ఎముక మిక్కిలి గట్టిది. ముక్కు దూలము మిక్కిలి బలహీనమైనది. కొద్దిపాటి దెబ్బకే విరుగును. చెంప ఎముక ముందుకు పొడుచుకొనియుండుటచే దెబ్బను తానే మొదట తినును. కంటి గుంట అడుగుభాగము కాగితమువలె పలుచనిది. కంటిపై బంతియో, పిడికిలియో బలముగా తగిలినపుడు ఈ అడుగుభాగము పగిలి, కంటిని త్రిప్పు కండరము ఆ పగులులో చిక్కుకొనవచ్చును. అపుడు రోగికి ఒక వస్తువు రెండుగా కనబడును.

క్రింది దవడ సంగతి విచిత్రమైనది. చేతిగాజును రెండు వ్రేళ్లతో నొక్కినపుడు అది తరచు రెండుచోట్ల విరుగును గదా! దవడయు అట్టిదే. దెబ్బ గడ్డముపై తగిలినను, చెవి ముందునున్న దవడ కీలు దగ్గరకూడ ఎముక విరుగవచ్చును. గడ్డము క్రింద చిన్న గాయము మాత్రమే కనబడుచుండ, అసలు ముప్పు చెవి ప్రక్కన దాగియుండును. అందుచేతనే గడ్డమునకు కుట్లు వేయించుకొని ఇంటికి పోయినవాడు, వారము తరువాత నోరు తెరచుకొనలేక మరల ఆసుపత్రికి వచ్చుచుండును.

పై దవడ విరుగుటలోను ఒక క్రమము కలదు. ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు రెనే లెఫోర్ శవముల తలలపై పలు దిశలనుండి దెబ్బలు కొట్టి పరీక్షించి, పై దవడ సామాన్యముగా మూడు నిర్ణీత రేఖల వెంట విరుగునని 1901లో ప్రకటించెను. మొదటి రేఖ పై పండ్ల వరుసకు కొంచెము ఎగువను, రెండవది ముక్కు మీదుగను, మూడవది రెండు కన్నుల గుంటల గుండను పోవును. నేటికిని ప్రపంచమందలి డాక్టర్లు ఈ మూడు రకములను ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. మూడవ రకములో ముఖమంతయు తల పుఱ్ఱెనుండి విడిపోవును. ఇది అతివేగముగా పోవు వాహనములు ఢీకొన్నపుడును, చాల ఎత్తునుండి పడినపుడును కలుగు గాయము.

మొదటి కారణము: రోడ్డు

మన దేశములో ముఖపు ఎముకలు విరుగుటకు ప్రథమ కారణము రోడ్డు ప్రమాదము. గాయపడినవారిలో అధికులు పురుషులు. అందును 20 నుండి 40 ఏండ్ల వయస్సువారు. అందును మోటారు సైకిళ్లపై పోవువారు. అనగా ఇల్లు గడుపవలసినవారే మంచమెక్కుచున్నారు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారము 2022లో దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి, 1,68,491 మంది మరణించిరి. వీరిలో 74,897 మంది ద్విచక్ర వాహనములపై పోయినవారు. హెల్మెటు లేక మరణించినవారు 50,029 మంది. ఇది చనిపోయినవారి లెక్క. చావు తప్పించుకొని, దవడ విరిగి, చూపు పోయి ఇల్లు చేరినవారు ఈ లెక్కలోనికి రారు.

మోటారు సైకిలు గుంటలో పడినపుడుగాని, కనబడని మిట్టకు తగిలినపుడుగాని బండి ఆగును. దానిపైనున్న మనిషి ఆగడు. అతడు అదే వేగముతో ముందునకు ఎగిరి ముఖముతో నేలను తాకును. కారులో కూర్చున్నవానికి చుట్టును ఇనుప కప్పు, ముందు బెల్టు ఉండును. మోటారు సైకిలుపైనున్నవానికి ముఖమే బంపరు. దవడ, చెంప ఎముక, ముక్కు దూలము, ముందరి పండ్లు ఇట్టి ప్రమాదములలో తరచు విరుగును.

గ్రామములలో ఈ ప్రమాదములకు దారితీయు పనులు కొన్ని మనము చేతులార చేయుచున్నవియే. వాహనముల వేగము తగ్గించుటకని వీథిలో మట్టితో, రాళ్లతో స్పీడు బ్రేకరు వేయుదుము. దానికి తెల్లరంగు పూయము, ముందు బోర్డు పెట్టము. కోతల కాలమున వడ్లు, మక్కలు రోడ్డుపై ఆరబోసి, రాత్రివేళ నల్లటి టార్పాలిను కప్పి, అంచులపై బండరాళ్లు పెట్టుదుము. చీకటిలో వచ్చువానికి ఆ నల్లని కప్పు రోడ్డువలెనే కనబడును. రాయి తగిలినపుడు గాని తెలియదు. పైపు వేయుటకు త్రవ్విన గోతిని పూడ్చక విడుతుము. వీథి దీపము ఆరిపోయిన నెలకు కూడ వెలుగదు. పశువులను విప్పి రోడ్డుపై విడుతుము. ఇవి చూచుటకు చిన్న విషయములు. ఒక దవడ విరుగుటకు వీనిలో ఏ ఒక్కటియైనను చాలును.

హెల్మెటు, మద్యము

మంచి హెల్మెటు ధరించినచో మరణము సంభవించు అవకాశము సుమారు 40 శాతమును, తలకు తీవ్ర గాయమగు అవకాశము సుమారు 70 శాతమును తగ్గునని ప్రపంచ ఆరోగ్య సంస్థ పలుమార్లు ప్రకటించియున్నది. అయితే ముఖము విషయములో ఒక భేదమును గుర్తింపవలెను. టోపీవలె తల పైభాగమును మాత్రమే కప్పు హెల్మెటు దవడను కాపాడదు. గడ్డమువరకు కప్పునట్టి పూర్తి హెల్మెటు ముఖమును కాపాడును. పట్టీ బిగింపని హెల్మెటు పడునపుడు మనిషికంటె ముందే దూరముగా ఎగిరిపోవును. 2021 జూన్ 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్ల తయారీని, అమ్మకమును కేంద్ర ప్రభుత్వము నిషేధించినది. మోటారు వాహనముల చట్టము ప్రకారము వెనుక కూర్చున్నవారును, నాలుగేండ్లు దాటిన పిల్లలును హెల్మెటు ధరింపవలెను. భర్త తలపై హెల్మెటు, వెనుక భార్య తలపై కొంగు, ముందు బిడ్డకు ఏమియు లేకుండుట మన ఊళ్లలో నిత్యము కనబడు దృశ్యము. బండి పడినపుడు ముగ్గురును ఆ రోడ్డుపైననే పడుదురు.

మద్యము ఈ గాయములకు తోడబుట్టినది. త్రాగినవాడు గుంటను ఆలస్యముగా చూచును. పడునపుడు చేతులు అడ్డుపెట్టుకొనలేడు. కావున దెబ్బ నేరుగా ముఖముపై పడును. రక్తములో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నచో వాహనము నడుపుట నేరము. ఊరిలో అనుమతి లేక నడచు బెల్టు దుకాణము ఈ గాయములకు పుట్టిల్లు. దాని సంగతి ఆసుపత్రి డాక్టరుకు తెలియదు. పంచాయతీ సభ్యులకు తెలియును.

పడుట, పశువు పొడుచుట

రోడ్డు తరువాత చెప్పదగినది ఎత్తునుండి పడుట. తాటిచెట్టుపైనుండి జారు గీత కార్మికులు, పరంజానుండి పడు కట్టడపు కూలీలు, పిట్టగోడ లేని డాబాపై వేసవిలో పరుండి నిద్రలో దొర్లిపడువారు ఈ కోవకు చెందుదురు. ఎత్తునుండి పడినవానికి ముఖముతోబాటు మెడయు, చేతి మణికట్టులును విరుగుట కద్దు. 2024లో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య పేరిట గీత కార్మికులకు రక్షణ పరికరముల పంపిణీ ప్రారంభించినది. పరికరము గోడకు వ్రేలాడుచున్నంతవరకు ఎవనిని కాపాడలేదు; నడుమునకు బిగించినపుడే కాపాడును.

వృద్ధులు తడిసిన స్నానపు గదిలోను, గడపవద్దను తూలిపడుదురు. పసిపిల్లల ఎముకలు మెత్తనివగుటచే అంత సులువుగా విరుగవు. కాని పిల్లవాడు సైకిలుపైనుండి గడ్డముపై పడినపుడు దవడ కీలు చితికినచో, దానిని ఎవరును గమనింపనిచో, ఆ కీలు క్రమముగా బిగిసిపోవును. ఆ బిడ్డకు నోరు తెరచుకొనదు. గడ్డము ఎదుగుట ఆగిపోవును. ఆనాడు ఒక పరీక్షతో తేలిపోవలసిన విషయము తరువాత పెద్ద శస్త్రచికిత్సగా పరిణమించును.

ఎద్దు కొమ్ముతో విసరినపుడు చెంప ఎముక, కంటి గుంట దెబ్బతినును. పశువు కొమ్ము గాయములో మట్టి, పేడ చేరుటచే ధనుర్వాతపు సూదిమందు తప్పనిసరి.

చెప్పుకొనని కారణము

ఆసుపత్రికి వచ్చు స్త్రీలలో కొందరు "బావికాడ జారిపడితిని", "తలుపు తగిలినది" అని చెప్పుదురు. కాని గాయము వేరొకటి చెప్పును. జారిపడినవారికి ముక్కు, గడ్డము, నుదురు, మోచేతులు, మోకాళ్లు దెబ్బతినుట సాధారణము. ఎదుటినుండి పిడికిలితో కొట్టబడినవారికి ఎడమ చెంప, ఎడమ కంటి గుంట, ముక్కు, దవడ మూల దెబ్బతినుట తరచు కనబడును. కొట్టువారిలో ఎక్కువమందిది కుడిచేతి వాటమే గదా! పాత గాయపు గుర్తులపై కొత్త గాయమున్నచో డాక్టరుకు అనుమానము మరింత బలపడును. పొలముగట్టు తగాదాలలోను, తాగుడు కొట్లాటలలోను పురుషులకు తగులు దెబ్బలును ఇట్టివే.

ఇది ఇంటి గుట్టు అని పంచాయతీ ప్రక్కకు తొలగరాదు. 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టము స్త్రీకి రక్షణ కల్పించుచున్నది. 181 నంబరుకు ఫోను చేసినచో మహిళా సహాయ కేంద్రము పలుకును. ఊరి పెద్దలు కూర్చుండబెట్టి రాజీ కుదిర్చి పంపుటతో విరిగిన ఎముక అతకవచ్చును. కొట్టు చేయి ఆగునని నమ్మరాదు.

గుర్తింపవలసిన లక్షణములు

ముఖము వాచినపుడు ఎముక విరిగినదో లేదో పైకి తెలియదు. ఈ క్రింది లక్షణములలో ఏ ఒక్కటి కనబడినను ఆసుపత్రికి పంపవలెను: పై పండ్లు, క్రింది పండ్లు మునుపటివలె కలియకుండుట, నోరు తెరచుటకు రాకుండుట, చెంపగాని, క్రింది పెదవిగాని తిమ్మిరెక్కుట, వస్తువు రెండుగా కనబడుట, చెంప చదునుగా అణగియుండుట, ముక్కు వంకరపోవుట, ముక్కునుండి గాని చెవినుండి గాని నీరువంటి ద్రవము కారుట. ఈ కడపటిది మెదడు చుట్టునుండు ద్రవము కావచ్చును. ముక్కులో దూది కుక్కరాదు.

ముక్కులోపలి అడ్డుగోడలో రక్తము గడ్డకట్టి ముక్కు రెండు ప్రక్కల బిగిసినచో ఆలసింపరాదు. ఆ రక్తమును వెంటనే తీయనిచో లోపలి మృదులాస్థి చచ్చి, ముక్కు గుఱ్ఱపు జీనువలె క్రుంగిపోవును.

కాలిచేతి ఎముకలకు పుత్తూరు కట్టువంటి కట్లు మన ప్రాంతమున ప్రసిద్ధములు. కాని ముఖపు ఎముకకు బయటినుండి కట్టు కట్టుటకు వీలులేదు. దవడ వెంట్రుకవాసి తప్పి అతికినను పండ్లు కలియవు. పండ్లు కలియనివాడు అన్నము నమలలేడు. నేడు డాక్టర్లు సి.టి. స్కానుతో విరిగిన తీరును చూచి, టైటానియము లోహపు చిన్న పలకలు, మరలు బిగించి ఎముకను పూర్వస్థితికి తెచ్చుచున్నారు. ముక్కు దూలమును పదిరోజులలోపుననే సవరింపవలెను. ఆపై అది వంకరగానే అతికిపోవును. వాపు తగ్గిన పిమ్మట చూతమని నెల గడపినవానికి పని కష్టమగును.

ప్రమాదస్థలమున చేయవలసినది

ముఖము దెబ్బతిన్నవాడు చనిపోవుట సాధారణముగా ఎముక విరిగినందువలన కాదు. రక్తము, విరిగిన పండ్లు, వెనుకకు జారిన నాలుక గొంతునకు అడ్డుపడి ఊపిరి ఆడకపోవుటవలన. కావున మొదట ఊపిరి చూడవలెను. స్పృహ ఉండి, మెడనొప్పి లేనివానిని కూర్చుండబెట్టి ముందుకు వంచవలెను; రక్తమును మ్రింగక ఉమియనీయవలెను. స్పృహ లేనివానిని వెల్లకిల పరుండబెట్టరాదు. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండునట్లు ఇద్దరు ముగ్గురు కలిసి ప్రక్కకు త్రిప్పవలెను. నీళ్లు, టీ, మద్యము ఏదియు పోయరాదు. హెల్మెటును బలవంతముగా లాగరాదు. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టవలెను. ఊడిన పన్నును వేరుభాగము ముట్టక పైభాగమున పట్టుకొని, పాలలో వేసి రోగితో పంపవలెను. గంటలోపు చేరినచో అది మరల నాటుకొనవచ్చును.

108కి ఫోను చేయవలెను. ఈ సేవ ఉమ్మడి రాష్ట్రమున 2005 ఆగస్టు 15న ప్రారంభమైనది. గాయపడినవానికి ముందు చికిత్స, తరువాతనే కాగితములు అని సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పినది. క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్చినవానిని పోలీసులు నిర్బంధింపరాదని 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. రోడ్డు ప్రమాద బాధితునకు నియమిత ఆసుపత్రులలో ఏడు రోజులవరకు 1.5 లక్షల రూపాయలకు మించకుండ నగదు లేని చికిత్స ఇచ్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2025 మే నెలలో ప్రకటించినది. సాక్ష్యము చెప్పవలసి వచ్చునను భయముతో దారిని పోవువారు తొలగిపోవుట ఇకనైనను మానవలెను.

పంచాయతీ చేయదగినది

పంచాయతీకి ఆసుపత్రి లేకపోవచ్చును; దీపము, రోడ్డు, గ్రామసభ ఉన్నవి. ఊరిలో ఈ సంవత్సరము ఎవరెవరికి ముఖము, తల దెబ్బతిన్నదో, ఎచట, ఏ వేళ, ఎట్లు అని ఒక పుస్తకములో వ్రాసి ఉంచుట మొదటి పని. పేర్లు బయట పెట్టనక్కరలేదు. పది గాయములు వ్రాసినంతనే, వానిలో ఎన్ని ఒకే మలుపువద్ద జరిగినవో, ఎన్ని చీకటి పడిన పిమ్మట జరిగినవో కన్నులకు కట్టును. ఆ మలుపున దీపము పెట్టుట, స్పీడు బ్రేకరుకు రంగు పూయుట, గోతిని పూడ్చుట రెండవ పని. రోడ్డుపై ధాన్యము ఆరబోయకుండ కల్లములకు స్థలము చూపుట మూడవది. స్థలము చూపక నిషేధించినచో రైతు వినడు. భవనము కట్టు మేస్త్రీలచే కూలీలకు టోపీ, నడుము తాడు ఇప్పించుట, రోడ్డుపై రాలిన ఇసుకను ఊడ్పించుట నాలుగవది. బెల్టు దుకాణమును మూయించుట అయిదవది. ఇది అన్నిటికంటె కష్టమైనది, అన్నిటికంటె ఫలమిచ్చునది. ఈ అయిదింటిని ఆజ్ఞాపించు సభ్యులు తామే హెల్మెటు లేకుండ గ్రామసభకు వచ్చినచో ఎవరును వినరు.

ముఖము మనిషికి గుర్తింపు. దవడ విరిగినవాడు వారములకొలది గంజి త్రాగి బ్రతుకును, కూలి పోవును. చూపు పోయినవాడు బండి నడుపలేడు. మచ్చపడిన ఆడపిల్లకు సంబంధము కుదురదని తల్లిదండ్రులు కుములుదురు. ఈ నష్టములలో పెక్కు ఒక బుట్టెడు మట్టితో, ఒక బల్బుతో, ఒక డబ్బా తెల్లరంగుతో తప్పింపదగినవి. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, ఊరిలో మిక్కిలి ప్రమాదకరమైన చోటు ఏదో ముందు నిర్ణయింపుడు. పని అచటనుండి ప్రారంభింపుడు.